పొట్లకాయకి కట్టిన రాయి

పదహారు పేజీల్లో భూమి చరిత్రంతా చెప్పెయ్యాలని కూర్చున్నాను. నా కష్టమల్లా అదే.

అది పిల్లల బొమ్మల పుస్తకం. పెరట్లో పాదు పెట్టి కూర పండించుకోవడం గురించి. మాటలు నావి, బొమ్మలు పరాంకుశం మాస్టారివి. జూన్‌లో బడులు తెరిచేలోగా అచ్చు వేస్తామని తెనాలిలో ఒక ప్రెస్సువాళ్లు ఒప్పుకున్నారు. మాస్టారు పెన్సిల్ పడితే పుస్తకం ఉంటుంది, పట్టకపోతే లేదు. నెల రోజులుగా పట్టడం లేదు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. చదవాల్సినవన్నీ చదివేశాననుకునే వయసు. దున్నేవాడిదే భూమి, విత్తనం మీద హక్కు రైతుది, ఆకలి దేవుడు పెట్టింది కాదు మనుషులు పెట్టింది. ఇవన్నీ నాకు నోటికొచ్చు. ఒక్కటీ నేను కనిపెట్టింది కాదు. ఒక్కటీ అబద్ధమూ కాదు. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

మాస్టారి పేరు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా సంక్షేమ హాస్టల్లో ఒక రేకు బీరువా ఉండేది. దాంట్లో పిల్లల పుస్తకాలు నాలుగే. ఒకటి మాస్టారు వేసిన తోట పుస్తకం. రెండే రంగులు, ఆకుపచ్చ, ఎరుపు. పిన్నులు తుప్పుపట్టి, నడిమి కాగితాలు ఊడిపోతే ఎవరో సూదీదారంతో కుట్టారు. ఎనిమిదో పేజీలో మాటలుండేవి కావు. నేల కింద ఒక వేరు, పక్కన ఒక వానపాము, అంతే. ఎవరు చదువుతున్నా ఆ పేజీ దగ్గర ఆగాల్సిందే. వేలితో వేరు వెంట చివరిదాకా వెళ్లి రావాల్సిందే.

మా హాస్టల్‌కి పెరడు లేదు. వెనక సిమెంటు గచ్చు, దాని మీద బట్టల తాళ్లు. ఆ పుస్తకమే మా పెరడు. నలభై మందిమి అందులో తిరిగాం. ఇవాళ్టికీ తడిమట్టి వాసన తగిలితే నాకు ముందు ఆ పాత కాగితమే గుర్తొస్తుంది.

అందుకే డిగ్రీ అవగానే రేపల్లెలో మాస్టారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. మీ దగ్గర పుస్తకాలు చెయ్యడం నేర్చుకుంటానన్నాను.

“పెన్సిల్ చెక్కడం వచ్చా?” అన్నారు.

వచ్చన్నాను. రాదని తేలడానికి మూడు వారాలు పట్టింది.

వసారాలో పడక, వంటింట్లో రెండు పూటలా భోజనం, ఉడికించిన మైదా జిగురు వాసన. నా జీవితంలో అంత సుఖంగా ఉన్న రోజులు మళ్లీ రాలేదు. అప్పుడా సంగతి నాకు తెలీదు. రోజూ ఎవరి మీదో ఒకరి మీద మండిపడుతూ ఉండేవాణ్ణి.

మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. ఎవరు పుస్తకం రాసి తెచ్చినా ఆయన చదివేవారు కాదు. పక్కింటి పిల్లని పిలిచి, ఆ పిల్లకి చదివి వినిపించమనేవారు. తను మాత్రం ఆ పిల్ల చేతుల వంక చూస్తూ కూర్చునేవారు. తర్వాతి పేజీ కోసం చెయ్యి ముందుకొస్తే ఆ పుస్తకానికి బొమ్మలు వేసేవారు. రాకపోతే కాఫీ ఇచ్చి పంపించేసేవారు.

పక్కింటి పిల్ల పేరు మెహరున్నీసా. ఆరేళ్లది. మాస్టారి పెరట్లో పొట్లపాదు ఆ పిల్లదే. గింజ తనే పెట్టింది, నీళ్లు తనే పోసేది. పందిరి నుంచి ఒక కాయ జానెడున్నర దాకా దిగింది. రోజూ బడికి పోయేముందు సంచీ భుజాన వేసుకుని దాని కింద నిలబడేది. కాయ దిగి తన తలకి తగిలిన రోజున కొయ్యాలని పందెం. ఎవరితోనో కాదు, కాయతోనే.

ఆ రోజు సాయంత్రం మెహరూ అరుగు మీద కూర్చుంది. నేను పదహారు పేజీలు కుట్టి, బొమ్మలకి చోటు వదిలి మాటలు రాసుకున్న నమూనా పుస్తకం తెరిచి గట్టిగా చదివాను.

“ఈ నేల ఎవరిది? చెమటోడ్చిన చేతులది. విత్తనాన్ని సంకెళ్లలో పెట్టిన కంపెనీలను అడగండి పిల్లలూ…”

మెహరూ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

“అన్నా, మొక్క ఎప్పుడొస్తుంది?”

“ఏడో పేజీలో.”

“ఇప్పుడు ఎన్నో పేజీ?”

“మూడు.”

పాపం, మర్యాదకి ఇంకో పేజీ వింది. తర్వాత లేచి, “నా కాయ చూసొస్తాను” అని పందిరి కిందికి పోయింది. మళ్లీ రాలేదు.

నాకు ఒళ్లు మండింది.

“పిల్లలకి అబద్ధాలు చెప్పమంటారా మాస్టారూ? సూర్యుడు నవ్వుతున్నాడు, చీమ చెల్లి సంచీ పట్టుకుని బజారుకెళ్లింది, అలా రాయమంటారా? నేను చారునీళ్లు తాగి పెరిగినవాణ్ణి. అన్నం ఎక్కణ్ణించి వస్తుందో, ఎవరు రాకుండా ఆపుతున్నారో వాళ్లకి తెలియొద్దా?”

“తెలియాలి.”

“మరి బొమ్మలెందుకు వెయ్యరు?”

మాస్టారు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. పందిరి వైపు చూశారు.

“ఆ పొట్లకాయ కొస వంకర తిరుగుతోంది. కాస్త రాయి కట్టి రా, దాసూ.”

పొట్లకాయని దాని మానాన వదిలేస్తే చుట్టలు చుట్టుకుపోతుంది. అందుకని లేతగా ఉన్నప్పుడే కొసకి దారంతో రాయి కడతారు, తిన్నగా సాగుతుందని. ఇది నా పుస్తకంలోనే ఉంది, పన్నెండో పేజీలో. రాశానే గానీ చేత్తో ఎప్పుడూ కట్టలేదు.

గోడవారన కంకర పోగు ఉంటే పిడికిలంత రాయి ఏరాను. ఇంకా కోపంగానే ఉన్నాను. కాయ కొసకి దారం బిగించి రాయి వదిలాను. పందిరి కర్ర కొద్దిగా వంగింది. వంకర మాత్రం పోయింది. గీత గీసినట్టు నిలబడింది కాయ.

“పెద్ద రాయన్నా,” అంది మెహరూ.

“ఎంత బరువుంటే అంత తిన్నగా సాగుతుంది. తొందరగా నీ తలకి అందుతుంది, చూడు.”

“నిజంగా?”

“నిజంగా.”

నమ్మింది.

మాస్టారు అరుగు మీద నుంచే అడిగారు. “అంత రాయి కావాలంటావా?”

“కావాలండీ.”



పొద్దున్నే పళ్లపొడి చేతిలో పోసుకుని పెరట్లోకి వెళ్లేసరికి మెహరూ పందిరి కింద చతికిలబడి ఉంది. భుజాన బడి సంచీ. ఒళ్లో కాయ. తొడిమ తెగిపోయింది. రాయి ఇంకా దారానికే ఉంది. ఏడవడం లేదు. కాయకి అంటిన మట్టి గౌను అంచుతో తుడుస్తోంది.

“నిజంగా అన్నావుగా అన్నా,” అంది.



మాస్టారు వచ్చారు. కాయని చూశారు. నన్ను చూడలేదు. పక్కన కూర్చుని, ఆ పిల్ల జడ మీద రాలిన పూలరేకు తీశారు. తర్వాత ఆయన తల పైకెత్తి అన్నారు.

“అదిగో మెహరూ, ఆకు చాటున ఇంకో పిందె. దానికి నువ్వు కట్టు. అన్న చూస్తాడు.”

మెహరూ కాయని జాగ్రత్తగా గోడ పక్కన పడుకోబెట్టింది. కంకర పోగు దగ్గరికి పోలేదు. తులసికోట చుట్టూ వెతికి ఒక గులకరాయి తెచ్చింది. దారం కట్టింది. పిందెకి కాదు, ముందు తన చెవి కమ్మకి తగిలించుకుంది. తల అటూ ఇటూ ఆడించింది. మొహం చిట్లించి తీసి పారేసింది. ఇంకోటి తెచ్చింది. అదీ పారేసింది. మూడోది రేగి గింజంత ఉంది. దాన్ని చెవికి వేలాడదీసుకుని పెరడంతా ఒకసారి పరిగెత్తి వచ్చింది.

“ఇది నొప్పి పుట్టట్లేదు తాతా. కానీ ఉన్నట్టు తెలుస్తోంది.”

“అయితే కట్టు.”

నేను ఆ పిల్లని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. మెహరూ కట్టింది.

ఆ రోజు నుంచి వసారాలో ఒక మూల కూర్చుని నా పుస్తకం మళ్లీ రాయడం మొదలుపెట్టాను. ఒక్కో వాక్యం రాసి చాలాసేపు దాని వంక చూసేవాణ్ణి. కొట్టేసేవాణ్ణి. మాస్టారు అటుగా పోతూ ఏం రాశావని ఒక్కసారీ అడగలేదు. రోజూ పొద్దున మెహరూ పందిరి కింద నిలబడి, అరచెయ్యి తలమీద ఆనించి పైకి చూసేది. “ఇంకా రెండు జానలు,” అని నాకు చెప్పి బడికి పోయేది. నాతో మాట్లాడటం మానెయ్యలేదు. అది నేను మర్చిపోలేను.

మూడో వారంలో ఒక సాయంత్రం మళ్లీ అరుగు మీద కూర్చున్నాం. నేను నమూనా తెరిచాను. ఈసారి గట్టిగా చదవలేదు.

“పందిరి కింద ఒక అమ్మాయి నిలబడింది. పొట్లకాయ ఆమె తల కోసం దిగి వస్తోంది.”

మెహరూ చెయ్యి ఒళ్లోంచి లేచింది. పేజీ తనే తిప్పింది. అక్కడ ఏమీ లేదు, బొమ్మ కోసం వదిలిన తెల్ల కాగితం. అయినా వంగి చూసింది.

“ఇక్కడ నా గౌను పచ్చది వెయ్యాలి తాతా,” అంది.

మాస్టారు ఆ చేతి వంకే చూస్తున్నారు. కాసేపటికి నా వైపు తిరిగారు.

“మరి రాయేదీ?”

“ఉందండీ. పన్నెండో పేజీలో. ఆ అమ్మాయి వాళ్ల నాన్న పండించినదంతా బండికెక్కించి పంపించి, ఇంటికొచ్చి ఈ ఒక్క కాయతో కూర వండుకుంటాడు. అందరికీ చాలదు.”

“తర్వాత?”

“అంతేనండీ. ఎందుకు చాలలేదని ఆ అమ్మాయి అడుగుతుంది. పేజీ అయిపోతుంది.”

మాస్టారు చెవి తమ్మె రెండు వేళ్లతో పట్టుకుని కళ్లు మూసుకున్నారు. తల అటూ ఇటూ మెల్లగా ఆడించి చూసుకున్నారు.

“పెన్సిల్ చెక్కు, దాసూ,” అన్నారు.