నూట పన్నెండు తెల్ల పంచెలు

పైడివాడ రాజు మణికేతుడు పొరుగు రాజుగారింట పెళ్లికి వెళ్లి, మొహం ముడుచుకుని తిరిగొచ్చాడు.

“వాళ్ల ఏటి ఒడ్డున పాలరాతి మెట్లున్నాయి, మంటపాలున్నాయి, హంసలున్నాయి. మన ఒడ్డున ఏమున్నాయి? బట్టల మూటలు, గాడిదలు. మన ఒడ్డు వాళ్లదాన్ని మించిపోవాలి,” అన్నాడు కొలువులో.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఆస్థాన శిల్పి అలంకారభట్టు లేచాడు. నాలుగు రోజుల్లో ముప్పై మూరల గుడ్డ మీద రంగుల బొమ్మ గీసి తెచ్చి సభలో పరిచాడు. పాలరాతి ఒడ్డున, మంటపం ముందు పెద్దమనుషులు మల్లెపూవులాంటి పంచెలు కట్టుకుని షికారు చేస్తున్నారు. హంసకు మేత వేస్తున్నది స్వయంగా భట్టుగారే.

“ఇలాగే ఉండాలి. చీమంత తేడా రాకూడదు,” అన్నాడు రాజు.

“అయితే చాకిరేవు ఎత్తేయాలి ప్రభూ. ఆ మూటలు, ఆ చప్పుడు, చూపుకు అడ్డం.”

రాజు తలూపాడు.

చివరి వరుసలో కూర్చున్న కోనప్ప కొలువు ముగియగానే రేవుకు బయల్దేరాడు. రోజూ పొద్దున్నే ఏట్లో కొలకర్ర దించి నీటిమట్టం రాసుకోవడం అతని ఉద్యోగం. రేవులో అరవై నాలుగు బండలున్నాయని, ఏ బండ ఏ ఇంటివాళ్లదో, ఎవరి తాతలు దాన్ని దొర్లించుకొచ్చారో అతనికి కంఠతా వచ్చు.

అతను రేవుకు వెళ్లేసరికి అక్కడి పెద్ద అంకమ్మ తన బండ మీద చేతులు ముడుచుకుని కూర్చుంది.

“పైకి పోతే రాళ్లు, కిందికి పోతే సుడిగుండం. అరవై నాలుగిళ్లవాళ్లం ఎక్కడికి పోవాలి కోనప్ప బాబూ? ఆ భట్టుగారి ఉత్తరీయం నిన్ననే ఉతికిచ్చాను. పోయి ఆయన్నే అడగనా?”

“వద్దు అంకమ్మత్తా. ఆయన బొమ్మలో నువ్వు లేవు. లేనివాళ్ల మాట ఆయనకు వినిపించదు. మూడు రోజులు ఓపిక పట్టండి. ఎవరు మూట పంపినా ముట్టుకోవద్దు.”

“ఏమని చెప్పమంటావు?”

“రేవు లేదని చెప్పు. అబద్ధమేం కాదుగా.”

మర్నాడు కోనప్ప కొలువులో లేచి నిలబడ్డాడు.

“ప్రభూ, రాయి పరిచాక తేడా తెలిస్తే పీకడం కష్టం. ముందు మూడు రోజులు రేవు మూయించి, ఈ బొమ్మను మనుషులతో నడిపించి చూద్దాం. లెక్కపెట్టాను, ఇందులో నూట పన్నెండు మంది ఉన్నారు. అందరివీ తెల్ల పంచెలే. ఒక్కరి చేతిలోనూ పని లేదు. అంతమందిని పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా ఒడ్డున తిప్పాలి.”

రాజుకు సరదా పుట్టింది. “అంతమందిని ఎక్కణ్ణుంచి తెస్తావు?”

“ఊరంతా వెతికాను ప్రభూ, పగలంతా ఖాళీగా ఉండేవాళ్లు పదిమంది కూడా దొరకలేదు. కొలువులో మాత్రం, నాతో కలిపి, లెక్క సరిగ్గా సరిపోయింది.”

రాజు పకపకా నవ్వాడు. రాజు నవ్వాక మిగతావాళ్లకు నవ్వక తప్పలేదు, ఒడ్డుకు వెళ్లకా తప్పలేదు.

మొదటి రోజు షికారు బాగానే సాగింది. రెండో రోజు సేనాపతి తడి ఇసుకలో చతికిలబడ్డాడు. బొమ్మలో ఉందని తెప్పించిన హంస పొడవబోతే భట్టు బురదలోకి దూకాడు. పురోహితుడి తాంబూలం ముగ్గురి మీద పడింది. పొద్దున ఒక జత, మధ్యాహ్నం ఒక జత. ఇళ్లలో తెల్లబట్టలు ఖాళీ అయిపోయాయి. రేవుకు పంపిన మూటలు పంపినట్టే తిరిగొచ్చాయి. కోశాధికారి తన పంచె తనే పెరట్లో ఉతుక్కున్నాడు. అది నీరుకావి రంగు తేలింది. గత్యంతరం లేక అదే కట్టుకొచ్చాడు.

మూడో రోజు రాజు పల్లకీలో వచ్చాడు. పరదా తీసి నిర్ఘాంతపోయాడు.

“వీళ్లేమిటి, పొయ్యిలోంచి లేచొచ్చినట్టున్నారు? బొమ్మలో ఇలా లేరే. కోనప్పా, తేడా ఎక్కడొచ్చింది?”

“తేడా రానివ్వలేదు ప్రభూ. బొమ్మలో తెల్లబట్టలు ఉన్నాయి, కట్టుకున్నాం. ఉతికేవాళ్లు లేరు, తీసేశాం.”

భట్టు గొంతు సవరించుకున్నాడు. “ఇదెంత పని ప్రభూ. రేవును దూరంగా, కంటికి కనబడని చోట పెట్టిస్తే సరి.”

“ఆ చోటు తమరే చూపించండి భట్టుగారూ,” అన్నాడు కోనప్ప. “నీరు పారాలి, కాలికి నేల అందాలి, బండ నిలవాలి. పదకొండేళ్లుగా కొలుస్తున్నాను. ఊరి పొడుగునా ఏడు వందల బారల ఒడ్డుంటే అలాంటి చోటు అరవై బారలే. తమరు మంటపం గీసింది సరిగ్గా దాని మీదే.”

రాజు భట్టు వైపు తిరిగాడు. “బొమ్మ వేసేముందు నువ్వొకసారైనా రేవుకు వచ్చావా?”

“మేడ మీంచి చూశాను ప్రభూ.”

“అక్కణ్ణుంచి ఏం కనబడింది?”

భట్టు తన పంచె వైపు చూసుకున్నాడు. రాజు అంకమ్మను పిలిపించాడు.

“మంటపం కట్టిస్తే నీకేమైనా అభ్యంతరమా అమ్మా?”

“మాకెందుకు సామీ అభ్యంతరం? ఎండకు చస్తున్నాం. బట్టలారేసే వైపు కాకుండా, మేం కూర్చునే వైపు కట్టించండి, నీడకు పనికొస్తుంది.”

“అలాగే కట్టిస్తాను. రేవు మీకే ఉంటుంది. ఈ పూటే తెరవండి,” అని రాజు తన వేలి ఉంగరం తీసి కోనప్పకు తొడిగాడు. “ఇంకేం కావాలో కోరుకో.”

“ఈ పూటకు సెలవిప్పించండి ప్రభూ. నావి ఆరు జతలున్నాయి. అటు చూడండి, అప్పుడే బారు కట్టేశారు.”

రాజు తిరిగి చూశాడు. సేనాపతి, పురోహితుడు, కోశాధికారి మూటలు చంకన పెట్టుకుని ఒకరినొకరు తోసుకుంటున్నారు. అందరికంటే ముందు అలంకారభట్టు, అంకమ్మ బండ పక్కన వంగి నిలబడి బతిమాలుతున్నాడు.

రాజుకు నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని పల్లకీ దిగి, వక్క మరకలున్న తన ఉత్తరీయం తీసి కోనప్ప చేతిలో పెట్టాడు.

“వెళ్లు వెళ్లు. ఇది కూడా నీ మూటలో పడెయ్.”