సలోమమ్మ బొటనవేలు

ఎస్తేరు టీచరును ఏదైనా అడిగితే జవాబు చెప్పదు. చెప్పులు వేసుకుని "పదండి" అంటుంది. స్వర్గం ఎలా ఉంటుందని సంఘపెద్ద ఒకసారి అడిగాడు. ఆవిడ "పదండి" అంది. ఆ తర్వాత నెల రోజులు ఆయన ఆ వీధి వైపు రాలేదు.

మా ఊళ్ళో లేసు అల్లడం వచ్చిన అరవై మందీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళలో ఆఖరివాడు కాంపౌండరు పేరయ్య గారు. ముప్పై ఏళ్ళు ఊళ్ళో సగం మందిని సూదితో ఏడిపించి, ఉద్యోగం అయిపోయాక కొక్కెం సూది పట్టుకున్నాడు. సరదాకే. ఎనిమిది నెలలు కూర్చుని గుండ్రటి టేబుల్ క్లాతు ఒకటి అల్లాడు. చారు ఒలుకుతుందని వాళ్ళావిడ దాన్ని టేబుల్ మీద మాత్రం వెయ్యనివ్వలేదు.

ఇంతలో నరసాపురంలో లేసు అల్లేవాళ్ళ సమ్మేళనం ఉందని, సరదాగా అల్లేవాళ్ళు కూడా రావచ్చని కబురొచ్చింది. ఆ రోజు నుంచి పేరయ్య గారికి అన్నం సయించలేదు. అక్కడ సలోమమ్మ ఉంటుంది మరి. ఎనభై ఐదేళ్ళ మనిషి, చూపు ఆనదు. ఎవరి అల్లికైనా ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో వరస వరసా తడుముతుంది. తప్పు తగిలితే చివరి ముడి తుంచి, ఆ తప్పు దాకా విప్పించేస్తుంది. అదీ అందరి ఎదుటా. కాదన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

"టీచరు గారూ, నాది తప్పని తేలితే ఏం చెయ్యాలండీ?" అని అడిగాడు పేరయ్య గారు.

ఆవిడ చాలాసేపు చెప్పుల కోసం వెతికింది. అవి కాళ్ళ ముందే ఉన్నాయి. చివరికి "పదండి" అంది. నేనూ వెనకే వెళ్ళాను. జరిగింది ఊళ్ళో చెప్పడానికి ఒక మనిషి ఉండాలి కదా.

కల్యాణ మండపంలో రెండు వందల మంది ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. అందరూ లేసు మీద బతికేవాళ్ళే. పేరు పిలిస్తే వెళ్ళి సలోమమ్మ ముందు కూర్చోవాలి. మాకంటే ముందు పాలకొల్లు ఆవిడ దుప్పటి సగానికి సగం విడిపోయింది. కుట్లు ఊడుతున్న చప్పుడు టిక్కు టిక్కుమని గోడల దాకా వినిపించింది. పేరయ్య గారి చొక్కా వీపుకు అంటుకుపోయింది. సూది పొడిచేటప్పుడు, చీమ కుట్టినట్టుంటుందంతే అని ఆయన మా అందరికీ చెప్పేవాడు. అక్కడ ఆయనకు ఆ మాట చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఆయన వంతు వచ్చింది. సలోమమ్మ బొటనవేలు మొదటి వరస దాటింది, రెండోది దాటింది. మూడో వరసలో ఆగింది.

"పువ్వు రేకుకీ రేకుకీ మధ్య పది గొలుసు కుట్లుండాలి. పదకొండున్నాయి. అన్నిచోట్లా అంతే. అందుకే అంచు పరుచుకోకుండా పైకి లేస్తోంది."

అలా లేవడాన్ని మేము కెరటం అంటాం. మా ఊరి గొప్పతనమని పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుంటాం.

"ఎవరు నేర్పారయ్యా నీకు?"

పేరయ్య గారు టీచరు వైపు చూడలేదు. "ఎవరూ లేరండి. పుస్తకం చూసి నేర్చుకున్నాను."

"పుస్తకంలో పది అనే ఉంటుంది."

ఎస్తేరు టీచరు లేచి నిలబడింది. "నేను నేర్పానండి. నలభై ఏళ్ళ కిందట నా లేసు పట్టుకుని ఇక్కడికే వచ్చాను. నా పేరు పిలిచేలోగా దొడ్డిదారిన వెళ్ళిపోయాను."

"ఎందుకమ్మాయ్?"

"విప్పేస్తారని భయమేసిందండి."

"ఇప్పటికి ఎంతమందికి నేర్పావు?"

"అరవై మందికండి."

అరవై ఇళ్ళ దిండు గలీబులు, పరదాలు, చర్చిలో బల్ల మీది గుడ్డ వరసగా నా కళ్ళ ముందు తిరిగాయి. ఆ పరదాల్లో ఒకటి నాది. నవ్వుదామని వచ్చిన మనిషిని, నా పరదాలో వరసలెన్నో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

సలోమమ్మ టేబుల్ క్లాతు చివరి ముడి తుంచి, దారం కొసను పేరయ్య గారి చేతికిచ్చింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్కసారిగా అయిపోతే చాలన్నట్టు విసురుగా లాగాడు. ఎస్తేరు టీచరు వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది.

"మెల్లిగా లాగండి, కాంపౌండరు గారూ," అంది. "దారం తెగిపోకూడదు. మళ్ళీ అల్లడానికి ఇదే కావాలి."