తిరిగిరాని ఓడల పేర్లు

అనగా అనగా సముద్రపుటొడ్డున శంఖపురమనే రాజ్యం, ఆ రాజ్యానికో రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఆ నేల పంటలకు పనికిరాదు. ఓడలు వెళ్లి సరుకు అమ్ముకొస్తేనే అందరికీ అన్నం. కానీ ఏటా కొన్ని ఓడలు వెళ్లేవే గాని వచ్చేవి కావు.

ఏడు సముద్రాల అవతల నీలజటుడనే మాంత్రికుడున్నాడు. అతను రాజుకు కబురంపాడు. "నేను మంత్రించిన నీలం తాడు కట్టుకుంటే ఏ ఓడా మునగదు. మీ ఓడల్లో సగానికి ఇప్పటికే ఉంది. మిగతా సగానికీ కడతాను. బదులుగా నీ రేవు నాకిచ్చెయ్యి."

రాజు కొడుకుల్ని పిలిచి, "వెళ్లి చూసి రండి నాయనా, రేవు పోతే మనకింకేం మిగలదు" అన్నాడు.

పెద్దవాడు తాడు కట్టుకుని ఏడు సముద్రాలూ దాటి వచ్చాడు. "నేను క్షేమంగా వచ్చాను కదా నాన్నగారూ, ఇచ్చేద్దాం!"

రెండోవాడూ వెళ్లొచ్చాడు. "అక్కడో చిలుక ఉంది. తాడు కట్టుకుని తిరిగొచ్చిన ఓడల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెబుతోంది. ఇచ్చేద్దాం!"

మూడోవాడు మణికేతుడు మాత్రం, "మరి తాడు కట్టుకుని కూడా రాని ఓడల పేర్లు ఎవరు చెబుతారు?" అంటూ బయల్దేరాడు.

దారిలో వలలో చిక్కిన ముసలి తాబేలును విడిపించాడు. "ఏం కావాలి నాయనా?" అందది.

"మునిగిన ఓడలెన్నో, వాటిలో తాడున్నవెన్నో చూసిపెట్టు తాతా."

తాబేలు ఏడు సముద్రాల అడుగూ వెతికి మూడోరోజున పైకి తేలింది. "మొత్తం నలభై. ఇరవైకి తాడుంది, ఇరవైకి లేదు. ఇంకోమాట, మాంత్రికుడి ప్రాణం ఆ చిలుకలోనే ఉంది. మునిగిన ఓడ పేరు ఒక్కటి పలికిందా, వాడిక ఉండడు."

మణికేతుడికి తాడు సంగతి తెలిసిపోయింది. మరి ఓడలెందుకు మునిగాయి? వెనక్కి వచ్చి రేవు వీధిలో ఒక సరంగు ఇంటి తలుపు తట్టాడు. సరంగు కూతురు తరంగిణి తలుపు తీసింది.

"మా నాన్న కలువరాణి ఓడ నడిపేవాడండీ. కార్తీకంలో వెళ్లాడు. తాడు నేనే కట్టాను" అని కళ్లు తుడుచుకుంది. తర్వాత తనే అతని వెంట ఇల్లిల్లూ తిరిగింది. నలభై ఓడల వాళ్లనీ అడిగారు. అందరిదీ ఒకటే మాట, కార్తీకం. మంచి నెలని అప్పుడే ముహూర్తాలు పెట్టేవారు. తుఫానులొచ్చేదీ అప్పుడే.

రేవు రాయించుకోవడానికి మాంత్రికుడు చిలుకతో సహా సభకు వచ్చాడు.

"నాన్నగారూ, సగం ఓడలకు తాడుంది. మునిగినవాటిలోనూ సగానికి ఉంది. ఇక తాడు చేసిందేమిటి?" అన్నాడు మణికేతుడు.

"అబద్ధం! నా చిలుకనే అడగండి!" అని అరిచాడు మాంత్రికుడు.

చిలుక రహస్యం మణికేతుడి నోట విన్న తరంగిణి పంజరం దగ్గరికి నడిచింది. "కలువరాణి" అంది.

చిలుక తల పక్కకు వంచి ఆమెను చూసింది. "కలువరాణి" అంది.

అంతే, మాంత్రికుడు పొగై పోయాడు. చిలుక తలుపు తోసుకుని ఎగిరిపోయింది.

ఆ ఏడు కార్తీకంలో ఒక్క ఓడా కదల్లేదు. తుఫానులు వెళ్లాక బయల్దేరినవన్నీ తిరిగొచ్చాయి. ఆ ఓడలు తెచ్చిన పట్టుచీరతోనే తరంగిణి పెళ్లికూతురైంది. రాజు ఆనందంగా మణికేతుడికి పట్టం కట్టాడు. ఇద్దరూ జుట్టు నెరిసి, మనవలు పుట్టేదాకా చల్లగా ఏలారు.