పేరయ్య పైపళ్ళు

పేరయ్య నాదస్వరాన్ని ఎర్రగుడ్డలో చుట్టుకుని గురువుగారింటికి వచ్చాడు. వాయించడానికి కాదు, తిరిగి ఇచ్చేసి పోవడానికి.

అతనికి యాభై ఏడేళ్ళు. నరసరావుపేట చుట్టుపక్కల అతని సన్నాయి మోగకపోతే పెద్దవాళ్ళకు పెళ్ళి జరిగినట్టుండదు. అంతటివాణ్ణి పైపళ్ళు దెబ్బతీశాయి. రెండేళ్ళలో ఒక్కొక్కటే కదిలి, చిగుళ్ళు చీముపట్టి, చివరికి పై వరసంతా తీసేయాల్సి వచ్చింది. కట్టుడు పళ్ళ సెట్టు పెట్టించుకున్నాడు. అది అన్నం తినడానికి పనికొచ్చిందిగానీ, దమ్ముపట్టి ఊదితే నిలవదు. మొన్న ఒక పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే వేళకు సెట్టు జారింది. సన్నాయి కీచుమని ఆగిపోయింది. డోలు ఆయన ఒక్కడే గట్టిమేళం లాక్కొచ్చాడు. మూడు ముళ్ళూ పడేలోపు పేరయ్య సిగ్గుతో సగం చచ్చాడు.

గురువు షేక్ జానసైదా సాహెబుగారికి ఎనభై నాలుగేళ్ళు. ఆయన నోట్లో ఒక్క పన్ను లేదు. పళ్ళు పోయిన ఏడాదే తన వాద్యాన్ని గోడకు తగిలించి, అప్పట్నుంచీ పాఠం నోటితోనే చెబుతున్నారు. శిష్యులు చాలామందే ఉన్నారు. ఆయన బాణీ పూర్తిగా దిగింది మాత్రం పేరయ్య ఒక్కడికే. పేరయ్య మానేస్తే అది అక్కడితో సరి.

"ఏందిరా మూట?" అన్నారు సాహెబుగారు.

"మీరిచ్చిన వాద్యం గురువుగారూ. ఇంక నావల్ల కాదు."

"డాక్టరు దగ్గరికి పోయావుగా, ఏమన్నాడు?"

"స్కాన్ తీసి ఎముక గట్టిగానే ఉందన్నాడు. దవడలోకి నాలుగు లోహపు మరమేకులు దించుతాడంట. వాటిమీద పళ్ళ వరస బిగిస్తే ఇంక కదలదంట. ఊదుకోవచ్చంట."

"మరింకేం?"

"లోహం బిగించుకుని ఊదితే అది మీరిచ్చిన విద్య ఎట్టా అవుద్ది గురువుగారూ? మరమేకుల మీద మోగే సన్నాయి నాది కాదు. ఆ అబద్ధం కన్నా మానుకోవడమే నయం."

బాధ నిజమే. అందులో త్యాగం చేస్తున్నానన్న గర్వం కూడా చిటికెడు కలిసింది. అది సాహెబుగారి చెవికి అందకుండా పోలేదు.

ఆయన మూట విప్పారు. వాద్యం కొసన నోట్లో పెట్టుకుని ఊదే పీకను తీసి పక్కన పెట్టారు. పీకకు ఆధారంగా కర్రలోకి దిగి ఉండే వేలెడు ఇత్తడి గొట్టాన్ని మెల్లగా తిప్పి లాగి, లాల్చీ జేబులో వేసుకున్నారు. తర్వాత ఉత్త పీకను కర్రమీద ఆనించి, వాద్యం శిష్యుడి చేతికిచ్చారు.

"ఊదు."

"గొట్టం లేకుండా ఎట్టా? పీక నిలవదు."

"ఊదరా."

పేరయ్య ఊదాడు. పీక పక్కకు ఒరిగింది. గాలి బుస్సుమని పోయింది. సరిచేసుకుని మళ్ళీ ఊదాడు. మళ్ళీ బుస్సే. సాహెబుగారు కళ్ళు మూసుకుని, ఆలాపన వింటున్నట్టు తలాడించారు.

"ఆహా! ఎంత శుద్ధంగా ఉందిరా. లోహం పొడ కూడా లేదు."

పేరయ్యకు ముందు ఉక్రోషం వచ్చింది. ఆ వెనకే నవ్వొచ్చింది. గొట్టం కోసం చెయ్యి చాపాడు.

"పళ్ళు బిగించుకొచ్చి తీసుకుపో," అన్నారు సాహెబుగారు.

"నాలుగు నెలలు ఆగాలంట గురువుగారూ. ఎముక ఆ మేకుల్ని పట్టుకోవాలంట. అన్నాళ్ళా!"

"నువ్వు నా దగ్గర చేరాక ఎన్నాళ్ళకు సన్నాయి ముట్టుకోనిచ్చాను?"

"పదకొండు నెలలకు."

"ఎముక నీకన్నా చురుకైందేరా. పో."

గడప దాటబోతూ పేరయ్య ఆగాడు. "మీరెందుకు చేయించుకోలేదు?"

"అప్పట్లో ఇట్టాంటిదుందని నాకెవరూ చెప్పలేదు. తెలిసుంటే నీకు కచేరీలు దక్కేవా?" అని ఆయన బోసినోటితో నవ్వారు. నవ్వుతూనే గోడమీది వాద్యం వైపు ఒకసారి చూశారు. పేరయ్య గడప దాటాడు.

ఆరో నెలలో తిరిగొచ్చాడు. పై వరస తెల్లగా, దిట్టంగా ఉంది. సాహెబుగారు గొట్టం తీసిచ్చారు. పేరయ్య దాన్ని కర్రలో బిగించి, పీక గుచ్చి, తోడి రాగం ఎత్తుకున్నాడు. దమ్ము నిండుగా పోయింది. పళ్ళు ఇసుమంత కదల్లేదు. అరగంట ఏకధాటిగా వాయించాడు.

ఆపాక మాత్రం అనుమానం మొదలైంది. ఇంతసేపూ మోగింది ఎవరి సన్నాయి? తనదేనా? ఆ మాట చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు. పేరయ్య ఆయన మొహంలోకి చూశాడు.

సాహెబుగారు విసుక్కున్నారు.

"గాంధారం దగ్గర అట్టాగే తొందరపడతావేందిరా? నలభై ఏళ్ళ నుంచి మొత్తుకుంటున్నా."

పేరయ్యకు కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. కొత్త పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. "మార్చుకుంటా గురువుగారూ," అన్నాడు.

"ఏం మార్చుకుంటావులే," అన్నారు సాహెబుగారు. "పళ్ళన్నీ మారినా అది మారలా."