కలువల చెరువుకు మొనయ్య ప్రయాణం

అనగనగా ఒక రాళ్ళ అడవి. అక్కడ నీళ్ళు తక్కువ, ముళ్ళతుప్పలు ఎక్కువ. ఆ అడవిలో ఒక గుట్ట కింద, మొనయ్య అనే ముళ్ళపంది బొరియ తవ్వుకుని కాపురం ఉండేవాడు. భార్య పేరు రేగమ్మ. వాళ్ళకు ముగ్గురు పిల్లలు. మొనయ్య ముసలితల్లి ఈదులమ్మ కూడా వాళ్ళతోనే ఉండేది.

మొనయ్య మంచివాడు. కష్టపడి దుంపలు తవ్వి తెచ్చేవాడు. ఎవరినీ ఊరికే గుచ్చేవాడు కాదు. కాకపోతే ఏ పనైనా ముందే అన్నీ ఆలోచించి పెట్టుకోందే ఆయనకు కాలు కదలదు. దుంప తినాలన్నా, ఏ వైపు నుంచి కొరకాలో కాసేపు ఆలోచిస్తాడు. ఈలోపు పిల్లలు ఆ దుంప తినేస్తారు.

వానలు వెలిసిన రోజులు. ఒక పొద్దున ఈదులమ్మ కొడుకును పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఒరే మొనయ్యా, నా కళ్ళలో పొర కమ్ముతోందిరా. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మీ నాన్న నన్ను కలువల చెరువుకు తీసుకెళ్ళాడు. చూపు పూర్తిగా పోకముందే ఆ పూలు ఇంకొక్కసారి చూడాలని ఉంది" అంది.

"అంతకంటేనా అమ్మా. అందరం పోదాం. నాలుగు రోజులు అక్కడే ఉండి వద్దాం" అన్నాడు మొనయ్య.

పిల్లలు సంతోషం పట్టలేక గెంతారు. వాళ్ళ ముళ్ళు తగిలి బొరియ పైకప్పు నుంచి మన్ను రాలింది.

కలువల చెరువుకు మూడు రోజుల నడక. మర్నాడే బయలుదేరి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ మొనయ్య ఆలోచనలో పడ్డాడు. నాలుగు రోజులు ఉండాలంటే పడుకునేదెక్కడ?

గుట్ట అవతల, ఎప్పుడో రోడ్డు వేయడానికి వచ్చినవాళ్ళు వదిలేసిపోయిన రేకుల గది ఒకటి ఉంది. దాని కింద నాలుగు చక్రాలు, పక్కన ఒక కిటికీ. దాన్ని లాగించుకుపోతే ఇల్లే మనతో వచ్చినట్టు కదా అనుకున్నాడు. కొమ్మన్న అనే అడవిదున్నను అడిగాడు. చెరువు గట్టున పచ్చగడ్డి ఉంటుందంటే కొమ్మన్న సరేనన్నాడు.

ఇక గదిలో ఆరు ముళ్ళపందులు పడుకోవాలి. ఒకరు పక్కకు తిరిగితే ఇంకొకరు లేచి కూర్చోవాల్సిందే. మొనయ్య ఒక పెద్ద టేకాకు మీద గీతలు గీసి, ఎవరు ఎక్కడ పడుకోవాలో, ఎవరి ముళ్ళు ఎటు ఉండాలో తేల్చాడు. దానికే మూడు రోజులు పట్టింది.

అంతలో చెరువు వైపు నుంచి ఒక కొంగ వచ్చింది. మొనయ్య ఎదురెళ్ళి చెరువు ఎలా ఉందని అడిగాడు. నీళ్ళు నిండుగా ఉన్నాయని, కలువలు విరగబూశాయని, గాలి చల్లగా ఉందని, దోమలు మాత్రం కొన్ని ఉన్నాయని కొంగ చెప్పింది. మొనయ్య చెవిలో దోమలొక్కటే పడ్డాయి.

దోమల్ని తినేవి కప్పలు. అందుకని పన్నెండు కప్పల్ని మాట్లాడుకున్నాడు. వాటిలో పెద్ద కప్ప, నీళ్ళు లేనిచోట తాము కూర్చోలేమని మర్యాదగానే చెప్పింది. మొనయ్యకు అదీ నిజమే అనిపించింది. గది అడుగున బంకమన్ను మెత్తి, దూరపు వాగు నుంచి సొరబుర్రలతో నీళ్ళు మోసి, లోపల చిన్న మడుగు కట్టాడు. ఇంటిల్లిపాదీ తొమ్మిది రోజులు నీళ్ళు మోశారు.

ఈదులమ్మ ఒకసారి అడిగింది. "ఎప్పుడురా బయలుదేరడం?"

"దోమల సంగతి తేలింది అమ్మా. ఇక రేపో ఎల్లుండో" అన్నాడు.

రేపు వచ్చింది. దాంతోపాటు ఒక గోరింక కూడా వచ్చింది. అది కిటికీలోంచి తొంగిచూసి, ఇన్ని కప్పలుంటే పాములు రాకుండా ఉంటాయా అని తన దారిన తాను పోయింది. మొనయ్య వెంటనే పోయి ఒక ముంగిసను బతిమాలాడు. భార్యను, ముగ్గురు బావమరుదుల్ని కూడా తీసుకెళ్తానంటేనే వస్తానంది ముంగిస. మొనయ్య ఒప్పుకున్నాడు.

ఈదులమ్మ రెండోసారి అడిగింది. పాముల సంగతి కూడా తేలిపోయిందని, ఇక ఏ బెంగా లేదని చెప్పాడు.

కానీ ముంగిసలు గదిలోకి ఎక్కి కప్పల వైపు అదోలా చూశాయి. కప్పలు అరవడం మానేశాయి. రెండింటికీ మధ్య గోడ కట్టక తప్పలేదు. రాళ్ళు ఏరుకొచ్చి, మన్ను తొక్కి, గోడ లేపి, అది ఆరేదాకా కాపలా కాసేసరికి ఇంకో పదిహేను రోజులు దాటాయి.

ఈసారి ఈదులమ్మ అడగలేదు. అమ్మకు ఓపిక వచ్చిందనుకుని మొనయ్య సంతోషించాడు.

చివరికి బయలుదేరే రోజు రానే వచ్చింది. కొమ్మన్న మెడకు తాడు కట్టారు. అప్పుడు రేగమ్మ తలుపు తీసి లోపలికి చూసింది. ఒకవైపు మడుగు. మడుగులో కప్పలు. మధ్యలో గోడ. అవతల ముంగిస, ముంగిస భార్య, ముగ్గురు బావమరుదులు.

"ఏమయ్యా, మరి మనం ఎక్కడ కూర్చోవాలి?" అని అడిగింది.

మొనయ్య టేకాకు తిరగేసి చూశాడు, మరగేసి చూశాడు. ఆకు మీద తమ చోట్లు ఉన్నాయి, గదిలో లేవు. ఈ పూటకు వెనక నడుద్దామన్నాడు.

కొమ్మన్న లాగాడు. చక్రాలు కిర్రుమన్నాయి. గుట్ట దిగువన మెత్తటి నేల రాగానే నాలుగూ సగందాకా దిగబడ్డాయి. కొమ్మన్న మూడుసార్లు ఊపిరి బిగించి లాగాడు. మూడోసారికి తాడు తెగింది. ఆయన వెనక్కి తిరిగి, కిటికీలోంచి లోపలికి చాలాసేపు చూశాడు.

"మొనయ్యా, లోపల ఉన్నది చెరువే కదా. చెరువును చెరువు దగ్గరికి ఎందుకు లాగుతున్నాం?" అన్నాడు.

మొనయ్యకు కోపం వచ్చింది. ఇంత కష్టం ఎవరికోసం పడ్డాడు? తల్లి దగ్గరికి పోయి, తన తప్పేమీ లేదని చూపించడానికి ఆ టేకాకు ఆమె ముందు పెట్టాడు.

"నువ్వే చూడమ్మా. ఇందులో ఏం తక్కువైంది?"

ఈదులమ్మ ఆకు కోసం చేయి చాపింది. ఆకు ఎదురుగా ఉంది. చేయి పక్కకు పోయింది. గాలిలో కాసేపు తడుముకుని ఆగింది.

మొనయ్య ఆ చేయి పట్టుకున్నాడు. "ఎప్పటినుంచి అమ్మా?" అన్నాడు.

"నువ్వు ముంగిసలకు గోడ కట్టేటప్పటినుంచిరా. అంత శ్రద్ధగా కడుతున్నావు, నీ చేయి ఆపడం ఎందుకులే అనుకున్నాను."

మొనయ్య అక్కడే కూలబడ్డాడు. ఆయన ముళ్ళన్నీ వాలిపోయాయి. కొంగ చెప్పిన మాటలన్నీ ఇప్పుడు వరుసగా గుర్తొచ్చాయి. నీళ్ళు, కలువలు, చల్లగాలి. తను ఏ మాట పట్టుకున్నాడో కూడా గుర్తొచ్చింది.

తర్వాత లేచాడు. టేకాకును కొమ్మన్నకు ఇచ్చాడు. కొమ్మన్న దాన్ని తినేశాడు.

"అమ్మా, నా తోక ముళ్ళు ఆడిస్తూ నడుస్తాను. ఆ గలగల వింటూ నా వెనకే రా. పోదాం" అన్నాడు.

"ఇప్పుడెందుకురా?"

"నువ్వు అడిగావు కదమ్మా."

మూట లేదు, ముల్లె లేదు. గదిని అక్కడే వదిలి ఆరుగురూ నడిచారు. ఆకలేస్తే దారిలో దొరికింది తిన్నారు. అలిసిపోతే పొదల కింద పడుకున్నారు. ఒకరినొకరు పొడుచుకున్నారు, తిట్టుకున్నారు, మళ్ళీ పడుకున్నారు. మూడో రోజుకు చెరువు వచ్చింది. దోమలు కుట్టాయి. గోక్కున్నారు. అంతకుమించి ఏమీ కాలేదు.

కానీ కలువల కాలం దాటిపోయింది. చెరువు నిండా ఎండిన కలువ తూళ్ళే. గట్టు చుట్టూ వెతికితే, తుంగ చాటున ఒకే ఒక్క పువ్వు మిగిలి ఉంది. మొనయ్య తల్లిని మోకాలిలోతు నీళ్ళలోకి నడిపించి, ఆ పువ్వును ఆమె ముక్కుకు తాకించాడు. ఈదులమ్మ ఒక్కొక్క రేకునూ మెల్లగా తడిమింది.

"ఏ రంగురా?"

"ఎరుపమ్మా" అన్నాడు. మళ్ళీ సరిగ్గా చూసి, "కాదు, రేకు మొదలు దగ్గర తెలుపు. కొసకు వచ్చేసరికి ఎరుపు. లోపల పసుపు పుప్పొడి. ఒక తేనెటీగ అందులో దొర్లుతోంది" అన్నాడు.

"ఇంకా?"

మొనయ్య ఇంకా చూశాడు. ఇంకా చెప్పాడు. నీళ్ళమీద దాని నీడ గురించి చెప్పాడు. రేకు మీద పాకుతున్న చిన్న పురుగు గురించి చెప్పాడు. గట్టుమీద పిల్లలు బురదలో దొర్లుతున్నారు. ఈదులమ్మ కళ్ళు మూసుకుని, చిన్నపిల్లలా తల ఊపుతూ వింటూనే ఉంది.

నీతి: మనవాళ్ళ చిన్న కోరికకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు, వేళకు బయలుదేరితే చాలు.