అల్లరిగౌరి నోము కథ

పసుపు కుంకుమలు అందినవా? పిల్లలున్న అమ్మలు పిల్లలను ఒడిలో పెట్టుకొని వినుడు. ఒడిలో నిలువనివారిని వదలి వినుడు.

పూర్వము కృష్ణానదీ తీరమున తపము చేయుచున్న శంకుకర్ణ మహామునిని మేధాయువు అను ముని సమీపించి, నమస్కరించి ఇట్లడిగెను. "స్వామీ, లోకమున నోములన్నియు తీరిక గలవారికే చెప్పబడినవి. మడి కట్టుటకు తీరిక కావలెను, కథ తుదివరకు కదలక వినుటకు తీరిక కావలెను. చంకన ఒకడు, కాళ్ళకు అడ్డముగా ఒకడు గల తల్లి ఏ నోము నోచి గట్టెక్కును?"

శంకుకర్ణుడు నవ్వి ఇట్లనెను. "నాయనా, మంచి మాట అడిగితివి. గౌరీదేవి తానును ఇద్దరు కొడుకుల తల్లియే. ఒకడు పండు కొరకు నెమలినెక్కి లోకమంతయు తిరిగెను, ఒకడు తండ్రినే గుమ్మమున నిలిపి రభస చేసెను. ఆ తల్లికి తెలియని అల్లరి యేది? ఆమె తానై చెప్పిన నోము ఒకటి కలదు, వినుము."

కృష్ణకు దక్షిణపు గట్టున నేతవారి ఊరొకటి ఉండెను. ఆ ఊర ఓబయ్య అను నేతగాడును, అతని తల్లి ఎర్రమ్మయు, భార్య తిరుమలాంబయు కాపురముండిరి. పెండ్లియై చాలకాలము కడుపు పండకపోవుటచే తిరుమలాంబ గౌరీదేవికి మ్రొక్కి, తన ఇల్లు చిందరవందర చేయుటకు ఒక బిడ్డనిమ్మనియు, ఆ బిడ్డ నడక నేర్చిన నాడు నోము పట్టెదననియు విన్నవించుకొనెను. ఆమె అడిగినది ఒకనిని. అమ్మ ఇచ్చినది ఇద్దరిని. కవల మగపిల్లలు పుట్టిరి. వారికి సోమన్న, సూరన్న అని పేర్లు పెట్టిరి.

వినువారికి ఇది వేడుక. పడువారికి తెలియును.

తెల్లవారకమునుపే సోమన్న లేచును. లేచి ఊరకుండక సూరన్నను లేపును. లేపినందుకు సూరన్న ఏడ్చును, వాడు ఏడ్చినందుకు సోమన్న ఏడ్చును. తల్లి ఒకని నోట ముద్ద పెట్టునంతలో రెండవవాడు నూలుకు పెట్టు గంజికుండలో మోచేతివరకు చేయి పెట్టును. వానిని కడుగునంతలో మొదటివాడు మగ్గపు గుంటలోనికి దిగి తండ్రి కాలివేళ్ళు కొరుకును. వానిని పైకి లాగి చంకనెత్తుకొని వచ్చునప్పటికి, రెండవవాడు నూలుకండెలన్నియు పెరటి కోళ్ళకు వేసి తినుడని బతిమాలుచుండును. ఒకనికి నీళ్ళుపోసి, తుడిచి, ఇక రెండవవానిని రమ్మని పిలువగా వచ్చువాడు మరల మొదటివాడే. నీళ్ళన్న ఇష్టము గనుక వాడు కిక్కురుమనక మరల పోయించుకొనును. రెండవవాడు మసిమొగముతోనే అన్నము తిని నిద్రపోవును.

తిరుమలాంబ వేడి అన్నము తిని ఎంతకాలమైనదో ఆమెకే జ్ఞాపకము లేకుండెను. ఒకనాడు సగము అల్లిన జడతోనే సంతకు పోయి, అమ్మలక్కలు నవ్విన పిమ్మట తల తడుముకొనెను. ఇరుగుపొరుగువారు వచ్చి, రెండు కన్నుల వంటి బిడ్డలని మెటికలు విరిచి, తమ తమ ఇండ్లకు పోయిరి. వారికేమి, పోయెదరు.

అట్లుండగా శ్రావణమాసము వచ్చెను. ఎర్రమ్మ కోడలిని పిలిచి, "అమ్మాయ్, నడవడం ఏనాడో అయ్యింది, ఇప్పుడు గోడలెక్కుతున్నారు. మరి మొక్కు సంగతేంటి?" అని అడిగెను. తిరుమలాంబ వచ్చే మంగళవారము చూతమనెను. ఆ మంగళవారముననే పిల్లలు మగ్గమునకు కట్టిన పడుగు మీద ఊయెలలూగి దారములు తెంపిరి. మరల మంగళవారము వచ్చెను. మరల వచ్చే వారమే అనెను. ఆ దినమున గంజి పొంగి పొయ్యి ఆరిపోయెను. శ్రావణము గడచెను, భాద్రపదమును గడచెను. పిల్లలు కాస్త కుదుటపడనిమ్మని ఆమె వాయిదా మీద వాయిదా వేసెను. ఏరు దాటి తెప్ప తగలేయుట అనగా ఇదియే.

ఒకనాడు అసురసంధ్య వేళ, మగ్గము నుండి అప్పుడే కోసి తీసిన పెండ్లిచీర మీద కవలలిద్దరును కలిసి దీపపు నూనె ఒలకబోసిరి. ఓబయ్య నుదురు కొట్టుకొని, "ఏమే, ఇంట్లో ఉండి ఇద్దరు పిల్లల్ని చూసుకోలేవా?" అని కసిరెను. ఆ మాట తిరుమలాంబకు చురుక్కుమనెను. మగ్గము దిగి మీరును చూడవచ్చును గదా అని నోటిదాక వచ్చినదానిని మ్రింగుకొని, దేవుని గూటివైపు తిరిగి ఆమె ఇట్లనెను. "అమ్మా గౌరీ, వీళ్ళతో నాకు నోమెక్కడ కుదురుతుంది? ఒక్కణ్ణయినా ఒక్కచోట కుదురుగా కూర్చోబెట్టు. అప్పుడు నీ నోము పట్టకపోతే అడుగు!"

అసురసంధ్యలో తథాస్తు దేవతలు ఇంటిచూరు పట్టుకొని తిరుగుచుందురని పెద్దలు చెప్పుదురు. విసుగున అన్న మాటయు, వేడుకొని అన్న మాటయు వారికి ఒకటే. వారు తథాస్తు అని పోయిరి.

మరునాడు సూరన్న లేచి, గోడకానుకొని కూర్చుండెను. కూర్చుండినవాడు లేవలేదు. అన్నము పెట్టగా తినెను, నీళ్ళుపోయగా పోయించుకొనెను. ఒళ్ళు వెచ్చగా లేదు, కడుపునొప్పి లేదు. ఊరకే కూర్చుండెను.

కథ చెప్పువారు దాచరాదు. తిరుమలాంబ సంతోషించెను. ఆ దినమున ఆమె జడ పూర్తిగా అల్లుకొనెను. అన్నము వేడిగా తినెను. తన బిడ్డకు బుద్ధి వచ్చెనని ఇంటింటికి పోయి చెప్పుకొనెను. ఎర్రమ్మ నోము మాట ఎత్తగా, ఇన్నాళ్ళకు ఇల్లు ఒక దారికి వచ్చినది, మిగిలిన పనులు కానిమ్మని మరల దాటవేసెను.

సోమన్నకు మాత్రము ఇది రుచింపలేదు. వాడు తమ్ముని చేయిపట్టి లాగెను, జుట్టు పీకెను, తన బెల్లపుముక్కను వాని నోట కుక్కెను. సూరన్న బెల్లము తిని ఊరకుండెను. సోమన్న వాని ముందు గంతులు వేసెను, పిల్లిమొగ్గలు వేసెను, తుదకు వాని ఒడిలో తలపెట్టి ఏడ్చెను. ఏడ్చి ఏడ్చి వాడును తమ్ముని ప్రక్కనే గోడకానుకొని కూర్చుండెను. అది మొదలు వాడును లేవలేదు.

ఇల్లు నిశ్శబ్దమయ్యెను. నూలు తెగదు, కండె పోదు, గంజి ఒలకదు. ఆ నెలలో ఓబయ్య మగ్గము మీద ఎన్నడును లేనన్ని చీరలు దిగెను. ఊరివారు వారి అదృష్టమును మెచ్చుకొనిరి. కాని తిరుమలాంబకు కాలు నిలువదయ్యెను. బిడ్డల కాళ్ళలోని తిరుగుడంతయు ఆమె కాళ్ళలోనికి వచ్చి చేరెను. పెరటిలోనికి పోవును, వచ్చును, వారి మొగము చూచును, మరల పోవును. నూలుకండెలు వారి చేతికందునట్లు పెట్టి చాటునుండి చూచెను, ముట్టలేదు. గంజికుండ మూత తీసి పెట్టెను, ముట్టలేదు. వీధితలుపు బార్లా తెరచెను. ఎవరును గడప దాటలేదు. తాను అడిగినదే తనకు వచ్చినదని ఆమెకు తెలిసెను. తెలిసి ఎవరితో చెప్పుకొనును?

వైద్యుడు వచ్చి నాడి చూచి రోగము లేదనెను. ఎర్రమ్మ ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసెను. ఓబయ్య మగ్గము మీద కూర్చుండి నేత నాడెను అటునిటు విసరుట మానెను. ఏమియు ఫలించలేదు.

ఇట్లుండ ఒకనాడు మిట్టమధ్యాహ్నము పెద్దముత్తైదువ యొకతె వచ్చి దాహమడిగెను. తిరుమలాంబ మజ్జిగ తెచ్చి ఇచ్చెను. ఆ ముత్తైదువ త్రాగుచు ఇల్లంతయు కలియజూచెను. గోడకానుకొని కూర్చుండిన ఇద్దరినీ చూచెను. చూచి, "ఏమమ్మా, ఈ ఇంట్లో పసిపిల్లలు లేరా?" అని అడిగెను.

ఆ మాటకు తిరుమలాంబ మజ్జిగచెంబు దించి ఆమె కాళ్ళముందు కూర్చుండెను. మ్రొక్కిన మ్రొక్కును, వేసిన వాయిదాలను, అసురసంధ్యలో అన్న మాటను దాచక చెప్పి, "నా బిడ్డల్ని నేనే కూర్చోబెట్టుకున్నాను తల్లీ. నాకు కుదురొద్దు. కొంప కూల్చినా సరే, వాళ్ళు లేచి తిరిగితే చాలు" అని ఆమె కాళ్ళు పట్టుకొని ఏడ్చెను.

ముత్తైదువ ఆమెను లేవనెత్తి నోము విధానము చెప్పెను. మంగళవారమున పసుపుముద్దతో గౌరిని చేయవలెను. ఎత్తైన పీట మీద పెట్టరాదు, నేలమీద అరటియాకు వేసి పిల్లల చేతికందునట్లు పెట్టవలెను. చలిమిడి, వడపప్పు, బెల్లము మూతలేక ముందుంచవలెను. ఆ పూట ఆ ఇంట వద్దు అను మాట పుట్టరాదు. గౌరి తన ఇద్దరు కొడుకులతో పడిన పాట్లను కథగా చెప్పుకొనవలెను. "దీపం ఒక్కటి మాత్రం అందకుండా పెట్టు. గౌరి తల్లే గాని వెర్రిది కాదు" అని చెప్పి ఆమె వెడలిపోయెను.

తిరుమలాంబ ఆ మంగళవారముననే నోము పట్టెను. కాని పూజ చేయుచు చేయుచు ఆమెకు భయము పుట్టెను. అమ్మవారిని నేలను పెట్టుట తగునా, నైవేద్యము ఎంగిలియైనచో ఆగ్రహించునేమో అని తలచి, గౌరిని పీట మీద పెట్టెను, చలిమిడి మీద పళ్ళెము బోర్లించెను. కథ సాంతము విని హారతి ఇచ్చెను. పిల్లలు చూచిన దిక్కే చూచుచు కూర్చుండిరి.

ఆ రాత్రి ఆమెకు కునుకు పట్టలేదు. తెల్లవారగనే అత్తతో, "పిల్లలకు దూరంగా పెట్టి, పిల్లల్నిమ్మని అడిగాను అత్తా. ఎవరు మాత్రం ఇస్తారు?" అనెను. ఎర్రమ్మ ఎంగిలి సంగతి ఎత్తబోయి, మనుమల మొగములు చూచి, పీటను తానే మూలకు జరిపెను.

మరుసటి మంగళవారమున గౌరిని నేలకు దించిరి. చలిమిడి మూత తీసిరి. దీపమును గూటిలో పెట్టిరి. ఓబయ్య మగ్గము దిగి వచ్చి, ఒక బిడ్డను తాను, ఒక బిడ్డను భార్య పట్టుకొని అరటియాకు ముందు కూర్చుండిరి. ఎర్రమ్మ కథ మొదలుపెట్టెను. కుమారస్వామి అలిగిన ఘట్టము వచ్చెను. తిరుమలాంబ చెవులకు కథ ఎక్కలేదు. ఆమె చూపంతయు సూరన్న చేతిమీదనే ఉండెను.

ఆ చేయి కదలెను.

మెల్లగా పోయి పసుపుగౌరిని ఒక వ్రేలితో నొక్కెను. ఎర్రమ్మ అలవాటున "వ..." అనబోగా ఓబయ్య తల్లి నోటికి తన చేయి అడ్డము పెట్టెను. సూరన్న గౌరిని పిడికిట పట్టుకొని తేరిపార చూచెను. చూచి, తీసికొనిపోయి అన్న చెంపకు మెత్తెను. సోమన్న నాలుక చాచి దానిని నాకెను. చేదు తగిలి, థూ అని ఉమిసి, తమ్ముని భుజము కొరికెను. సూరన్న కెవ్వుమనెను.

ఆ కేక విని ఓబయ్య చేతులలో మొగము దాచుకొని వెక్కివెక్కి ఏడ్చెను. అంతలో కలశము దొర్లెను. వడపప్పు ఇల్లంతయు పరచుకొనెను. ఒకడు ముందు, ఒకడు వెనుక, చలిమిడి త్రొక్కి, ఆ కాళ్ళతోనే పడుగు మీదికి దూకి, మగ్గపు గుంట చుట్టు తిరుగసాగిరి.

తిరుమలాంబ చేతిలో అక్షతలతో లేచెను. ఎర్రమ్మ కంగారుపడి, "అమ్మాయ్, లేవకు! కథ సగంలో ఉంది, ఆకు మీద అమ్మవారు కూడా లేదు, ఇప్పుడు అక్షతలెక్కడ వేస్తావు?" అనెను.

"అమ్మవారు వాళ్ళ ఒంటినిండా ఉంది కదత్తా, నేనిక్కడ కూర్చుని ఎవరికి పూజ చెయ్యను?" అని చీరకుచ్చెళ్ళు ఎగదోపి ఆమె బిడ్డల వెనుక పరుగెత్తెను. పరుగెత్తుచునే అక్షతలు చల్లెను. కొన్ని సోమన్న తలమీద పడెను, కొన్ని సూరన్న వీపున పడెను, తక్కినవి గుంటలో పడెను. ఆగండిరా అన్న మాట ఆమె నోటికి వచ్చెను. దానిని నోటనే ఆపి, ఏడ్చుచు నవ్వుచు, "ఉరకండ్రా నాయనా, ఉరకండి! నేనొస్తున్నా!" అని కేకవేసెను. వీధిలోని జనము గుమ్మమున మూగి వింతగా చూచిరి.

ఎర్రమ్మ మిగిలిన కథను వారి వెంట తిరుగుచునే చెప్పి ముగించెను. ఆ పడుగు చిక్కుతీయుటకు ఓబయ్యకు చాలదినములు పట్టెను. తీయుచు అతడు కూనిరాగము తీసెను. తిరుమలాంబ ఏటేట ఆ నోము నోచి, ఉద్యాపనము నాడు ఇద్దరు పిల్లల తల్లికి చలిమిడి, పసుపు, కుంకుమ, రవికెగుడ్డ వాయనమిచ్చి, ఆ తల్లి భోజనము వేడిగా ముగించువరకు ఆమె పిల్లలను తాను ఎత్తుకొని ఆడించెను. ఆ వాయనమునకు మించినది ఈ నోమున లేదు.

కావున మేధాయువా, కవలలు గల తల్లులును, ఒక్కడే యైనను ఇద్దరి పెట్టు అల్లరి గలవానిని కన్న తల్లులును, మనుమలను పట్టలేని అవ్వలును, మగ్గము దిగని తండ్రులును ఈ నోము నోచవలెను. మగవారికి నిషేధము లేదు, వారు తప్పక కూర్చుండవలెను. ఈ నోము నోచినవారికి తీరిక కలుగునని గౌరి చెప్పలేదు. తెగిన నూలు అతుకుననియు, ఒలికినది మరల వండుకొనవచ్చుననియు, ఆ ఇంటి బిడ్డలు జబ్బుపడి మూలకూర్చుండరనియు మాత్రము చెప్పెను.

కథలో చెప్పువారు తప్పినను, వినువారు మరచినను అమ్మ తన పిల్లల సందడిలో దానిని గమనింపకుండుగాక. ఇక లేవుడు. అక్షతలు ఆకు మీద వేయవద్దు. కథ వినక ఎవరు పారిపోయిరో, పోయి వారిని పట్టుకొని వారి తలమీద వేయుడు.