సింగారి గాజుముక్క

దా అమ్మడూ, ఇలా నా పక్కలోకి జరుగు. బడిలో నాటకానికి చీటీలు తీస్తే నీకు చెట్టు వేషం వచ్చిందనేగా, అన్నం దగ్గర్నుంచీ ఆ మూతి ముడుపు? రాజకుమారి వేషం ఎదురింటి పిల్లకి పోయిందనేగా? సరే, అలిగితే అలుగు గానీ ముందు ఓ కథ విను. మధ్యలో ఊఁ కొట్టాలి. లేకపోతే నాకే నిద్రొస్తుంది.

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో సింగారి అని ఓ పిల్ల ఉండేది. ఆ పిల్లకి పుట్టి అని ఓ చెల్లెలు. నాన్న ఎప్పుడో పోయాడు. ఆ తర్వాత జ్వరం వచ్చి అమ్మా పోయింది. అమ్మ గుర్తుగా సింగారి దగ్గర మిగిలింది ఓ నీలం గాజుముక్క. వెన్నెట్లో పెట్టి చూస్తే ఆ ముక్కలో చిన్న ఏరు పారుతున్నట్టే ఉండేదట.

ఆ ఊళ్ళో వాళ్ళకి పొలాల్లేవు. చలి తగ్గి ఏరు సన్నబడగానే, బయటపడిన ఇసుకలో పుచ్చపాదులు పెట్టుకునేవాళ్ళు. ఎవరికి ఏ చోటో ఓ కుండ చెప్పేది. కుండ ఎలా చెబుతుందంటావా? ఇంటికో గుర్తు తెచ్చి అందులో వేసేవాళ్ళు. ఒకరు గవ్వ, ఒకరు చింతపిక్క, ఒకరు గులకరాయి. అప్పుడు ఊరి పెద్ద గురవయ్య తాత ఓ పసిపిల్ల కళ్ళకి గుడ్డ కట్టి, ఒక్కొక్కటే తీయమనేవాడు. ముందొచ్చిన గుర్తుకి నీటి పక్క చోటు. ఆఖర్న మిగిలిన గుర్తుకి పైన మెరక, ఒట్టి ఎండు ఇసుక.

సింగారి అమ్మ గాజుముక్క వేసింది. అమ్మే చెయ్యి పట్టుకుని చోటు ఇప్పిస్తుందని ఆశ. గులకరాయి వచ్చింది, గవ్వ వచ్చింది, చింతపిక్క వచ్చింది, అన్నీ వచ్చాయి. గాజుముక్క మాత్రం అడుగునే ఉండిపోయింది.

అప్పుడు సింగారి మెరక మీదికి వెళ్ళి, నీళ్ళ కోసం ఇసుకలో చెలమ తవ్వింది. అంటే చిన్న గుంట అన్నమాట. కాస్త తడి తగిలేసరికి నాలుగు వైపుల నుంచీ ఇసుక జారి గుంట పూడిపోయింది. నా రాత ఇంతే అనుకుని పార పక్కన పెట్టేసింది. ఆ ఏడు ఒక్క తీగా బతకలేదు.

మరుసటేడు మళ్ళీ కుండలో అదే గాజుముక్క. మళ్ళీ ఆఖరు. ఈసారి అడుగు ఊడిపోయిన వెదురు గంప ఒకటి గుంటలో దించి, ఇసుక జారకుండా ఆపింది. చెలమలో నీళ్ళూరాయి. తీగలు సాగాయి, పసుప్పచ్చ పూలు కూడా పూశాయి. ఆ తర్వాత వడగాలి కొట్టింది. కింద ఇసుక కాలి, పూత మొత్తం మాడిపోయింది. నీళ్ళు చెలమ నిండా ఉన్నాయి. అయినా సింగారి మళ్ళీ గింజ వెయ్యలేదు. పైన అలా రాసి పెట్టి ఉంటే ఎన్ని గింజలు వేసి ఏం లాభం అనుకుంది.

అప్పుడు పొరుగూరి నుంచి మేనమామ నరసప్ప వచ్చాడు. మంచివాడే పాపం. ఇంట్లో తిండిగింజలు లేవని చూశాడు, పుట్టి ఎముకల గూడైపోయిందని చూశాడు. వచ్చే ఏడు కూడా పాదు కాయకపోతే చైత్రంలో బండి కట్టుకొచ్చి పుట్టిని తీసుకుపోతానన్నాడు. తన ఇంట్లో మూడు పూటలా తింటుందన్నాడు. సింగారి ఏమంటుంది? ఆకలి మాట నిజమే కదా. పుట్టి మాత్రం ఆ రోజు నుంచీ అక్క కొంగు వేలికి చుట్టుకునే నిద్రపోయేది. అచ్చం ఇప్పుడు నువ్వు నా కొంగు పట్టుకున్నట్టే.

మూడో ఏడు వచ్చింది. మూడోసారీ గాజుముక్కే మిగిలింది.

అందరూ నవ్వుకుంటూ ఇసుకలోకి దిగారు. నీటి పక్క చోటు ఎప్పటిలాగే రంగనాయకులికి. వాడు సింగారికి వరసకి బావ. నున్నటి గులకరాయి వేస్తాడు, ఏటా ముందే వస్తుంది. కాలి బొటనవేలితో ఇసుక గీకితే చాలు, వాడికి నీళ్ళు. ఏటి పాటలు పాడుకుంటూ తిరిగేవాడు. పాట బాగుండేదిలే, ఆ మాట దాచను.

సింగారి కుండ దగ్గరే నిలబడిపోయింది. ఏటా గురవయ్య తాత కుండ వంచి గాజుముక్కని ఆమె కొంగులో వేసేవాడు. ఆ రోజు తాత కూడా ఇసుకలోకి వెళ్ళిపోయాడు. అప్పుడు సింగారి తనే చెయ్యి పెట్టింది. కళ్ళ నిండా నీళ్ళు, ఏమీ కనబడ్డం లేదు. గాజుముక్క మొన చురుక్కున వేలికి గుచ్చుకుంది.

చెయ్యి వెనక్కి లాక్కుంది. లాక్కుని, అలాగే ఆగిపోయింది.

పసిపిల్లలు కూడా ఇలాగే లాక్కుని ఉంటారు కదా, అమ్మడూ. గుచ్చుకున్నదాన్ని వదిలేసి నున్నగా ఉన్నదాన్ని పట్టుకుని ఉంటారు. మూడేళ్ళుగా తన రాత అనుకున్నది రాత కాదు. గాజు మొన.

పరుగెత్తుకెళ్ళి గురవయ్య తాతకి చెప్పింది. తాత తన వేలికి కూడా గుచ్చుకుని చూసుకున్నాడు. నిజమేనమ్మా అన్నాడు. కానీ అప్పటికే అందరూ పాదులు తవ్వేసుకున్నారు, గింజలూ పడ్డాయి. ఈ ఏటికి మెరకే నీదన్నాడు. పక్కనే ఉన్న రంగనాయకులు ఊరుకుంటాడా?

“గాజుముక్క మీదికి నెట్టకు మరదలా,” అన్నాడు. “రాత ఉండాలి.”

“నీకున్నది రాత కాదు బావా,” అంది సింగారి. “నున్నటి రాయి.”

అని పార ఎత్తుకుని మెరక ఎక్కేసింది.

చోటు మారలేదు, ఎండా మారలేదు. కానీ ఇసుక పూడితే రాత అనుకోవడం మానేసింది. మళ్ళీ తోడింది. ఒక గంప కిందికి పోతే దాని మీద ఇంకో గంప దించింది. పుట్టి ఏటి ఒడ్డున తుంగగడ్డి కోసుకొచ్చి, మొలకల చుట్టూ ఇసుక కనపడకుండా పరిచింది. వడగాలికి మొదటి పూత రాలిపోయింది. మళ్ళీ గింజ నాటారు.

రంగనాయకులికి తోచేది కాదు. వాడి పాదులు వాటంతటవే తాగేవి. అందుకని ఏడిపించడానికి రోజూ మెరక మీదికి వచ్చేవాడు. మొదట గట్టు మీద కూర్చుని పాడాడు. ఆ తర్వాత తుంగ మోశాడు. ఓ రోజు సింగారి చేతుల నిండా బొబ్బలు చూసి, పార లాక్కుని చెలమలోకి దిగాడు. వాడు గుంటలో ఉన్నాడు కాబట్టి సింగారి పైన నిలబడి నవ్వుకోవడం వాడికి కనపడలేదు.

చైత్రం వచ్చింది. వాడి కాయలు మాగడానికి వచ్చాయి. సింగారివి ఇంకా పిడికెడంత పిందెలు.

అప్పుడు ఓ తెల్లవారుజామున ఏరు ఎర్రగా దిగింది. ఎక్కడో కొండల్లో కాలం కాని కాలంలో వాన పడిందట. నీటి పక్క పాదులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కాయలు బంతుల్లా తేలిపోతుంటే రంగనాయకులు ఒడ్డున నిలబడి చూశాడు. పాట లేదు, పరాచికం లేదు. ఏటి నీళ్ళు మెరక దాకా వచ్చి, సింగారి పాదులకి కాస్త ఒండ్రు పూసి, మర్యాదగా వెనక్కి వెళ్ళిపోయాయి.

నిద్రపోయావా? లేదా, సరే. సింగారి కష్టం గెలిచిందా, అదృష్టం గెలిచిందా అని అడుగుతున్నావు. నాకూ సరిగ్గా తెలీదు తల్లీ. ఏరు రావడం సింగారి చేతిలో లేదు. రంగనాయకులు చేసిన పాపమూ ఏం లేదు. కానీ ఏరు వచ్చిన రోజుకి మెరక మీద పిందెలు ఉండటం ఉంది చూడు, అది మాత్రం ఆ పిల్ల చేతులదే. కాస్త ఆ బొబ్బల చేతులది, కాస్త తుంగ కోసిన చిట్టి చేతులది. ఆ పార లాక్కున్న చేతులది కూడా.

ఆ ఒండ్రు బలానికి చైత్రం దాటకముందే పిందెలు ఊరి కాయలయ్యాయి. మొదటి కాయ కోసి, మధ్యలో ఎర్రటి గుజ్జు తీసి, సింగారి రంగనాయకులికి ఇచ్చింది. వాడు తీసుకోలేదు, తలొంచుకున్నాడు.

“తీసుకో బావా. ఇందులో నువ్వు తోడిన నీళ్ళున్నాయి.”

అప్పుడు తిన్నాడు. తింటుంటే గడ్డం నుంచి కారింది పుచ్చరసమో, ఇంకేదో. పుట్టి అడిగితే రసమే అన్నాడట.

సరిగ్గా అప్పుడే మేనమామ బండి వచ్చింది. పుట్టి వెళ్ళి అక్క వెనక దాక్కుంది. మామ బండి దిగి మెరక అంతా చూశాడు, తీగలు ఎత్తి ఎత్తి చూశాడు. కాయల్ని బండిలోకి ఎత్తించాడు. సంతలో అమ్మి తిండిగింజలు తెచ్చి ఇస్తానన్నాడు. బండి కదిలింది. పుట్టిని తీసుకుపోదామని గడ్డి వేసి, దాని మీద దుప్పటి పరిచి తెచ్చాడు చూడు, ఆ మెత్తటి చోట్లో అన్నిటికన్నా పెద్ద పుచ్చకాయ కూర్చుని ఊరేగుతూ వెళ్ళింది. పుట్టి దానికి చెయ్యి ఊపింది.

మరుసటేడు సింగారి గాజుముక్కని రాతి మీద నున్నగా అరగదీసి కుండలో వేసింది. ముందొచ్చిందా? లేదు, మధ్యలో ఎక్కడో వచ్చింది. ఆఖర్న మిగిలింది గులకరాయి. రంగనాయకులు మెరక వైపు చూసి నిట్టూర్చేలోపు, సింగారి అడుగు ఊడిన గంప తెచ్చి వాడి నెత్తిన బోర్లించింది. పద బావా, చెలమ తవ్వాలి అంది. ఆ పైయేడు నుంచీ ఆ రెండిళ్ళకీ కలిపి కుండలో ఒకటే గుర్తు.

ఏం గుర్తంటావా? నీలం గాజుముక్కే.

ఇక కళ్ళు ముయ్యి. చీటీలో చెట్టు వచ్చింది, అది మన చేతిలో లేదు. ఆ చెట్టు కొమ్మల నిండా పూలుంటాయో, ఎండుకొయ్యలా నిలబడుతుందో మాత్రం పొద్దున్నే లేచి మనిద్దరం చూద్దాం. నా ఆకుపచ్చ చీర ఉందిగా, అదే చింపేద్దాం.

కథ పోయె కంచికి,
కాయ పోయె సంతకి,
పుట్టి మిగిలె ఇంటికి,
నిద్ర వచ్చె కంటికి.